మహమ్మారినాటి మాటరాని భయము

రేడియో ఉన్న ఇంటివారికి గడియారముతో అంతగా పని యుండదు. ఉదయము సంకేత సంగీతము వినబడగానే ఇల్లాలు పాలు పొయ్యిమీద పెట్టును. భక్తి సంగీతము ముగియుసరికి పిల్లల స్నానములు కావలెను. వార్తలు మొదలగు వేళకు ఇంటి పెద్ద కాఫీ గ్లాసుతో కుర్చీలో చేరును. ఏనాడైనను ఏ కారణము చేతనో ఆ సంగీతము వినబడనిచో ఆ పూట పనులన్నియు వరుస తప్పినట్లు తోచును. మనకు అది కొద్దిపాటి చికాకు మాత్రమే. మధ్యాహ్నమునకు మరచిపోదుము.

కాని దినచర్య యొక్క ఆ వరుసనే ఊతకర్రగా చేసికొని బ్రతుకువారు కొందరు మన యిండ్లలోనే, మన వీధులలోనే కలరు. ఆ వరుస తప్పినచో వారికి కాలిక్రింది నేల కదలినట్లుండును. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి వచ్చి ప్రపంచమంతట ఒక్కమారుగా ఆ వరుసను చెరిపివేసినది. ఆనాడు వారు పడిన భయమును గూర్చియు, ఆ భయమును గూర్చి చరిత్ర అంతకు పూర్వమే మనకు చెప్పియుంచిన పాఠములను గూర్చియు ముచ్చటించుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా ఎవరిని గూర్చి మాటలాడుచున్నామో స్పష్టము చేసికొందము. శైశవమునుండియే మనోవికాసమునందు, మాటయందు, ఇతరులతో మెలగుటయందు భేదము కనబడు స్థితులను వికాస వైకల్యములందురు. మేధో వైకల్యము, ఆటిజము, డౌన్ సిండ్రోము మొదలైనవి ఇందు చేరును. ఇవి ఉన్మాదములు కావు. మందుతో నయమగు రోగములును కావు. మనిషి పుట్టుకతోనో బాల్యముతోనో కూడ వచ్చిన తీరులు. వెనుకటి తరములవారు వీరిని మందబుద్ధులనియు, వెఱ్ఱివారనియు పిలిచిరి. ఆ పదములు నేడు శాస్త్రమునకును చట్టమునకును సమ్మతములు కావు. 2011 జనాభా లెక్కలలో మేధో వైకల్యము గలవారుగా నమోదైనవారే మన దేశమున సుమారు 15 లక్షలమంది.

మహమ్మారుల చరిత్రలో వీరికి స్థానము మిక్కిలి స్వల్పము. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తును గూర్చి వ్రాసినవారు మృతుల సంఖ్యలు లెక్కించిరి. ఏ రేవున దిగినది, ఏ రైలుదారి వెంట ప్రాకినది అను సంగతులు చర్చించిరి. భయమునకు పట్టిక లేదు. తన భయమును నోటితో చెప్పలేనివాని భయమునకు అసలే లేదు. అందుచేత ఈ చరిత్రను మహమ్మారుల గ్రంథములలో గాక, వైద్యులు ఒక్కొక్క బిడ్డను గూర్చి వ్రాసిపెట్టుకొన్న పాత నివేదికలలో వెదుకవలసి యున్నది. అట్టివానిలో మూడు సంగతులు మనకు మిక్కిలి ఉపకరించును.

మొదటిది ఫ్రాన్సు దేశమునకు సంబంధించినది. 18వ శతాబ్దాంతమున అచ్చట ఆవేరోన్ అను ప్రాంతపు అడవులలో ఒంటరిగా తిరుగుచు, మాట రాని ఒక బాలుడు కనబడెను. 1800లో వానిని పారిస్ నగరమునందలి బధిరుల విద్యాలయమునకు తెచ్చిరి. ఇటార్ అను యువవైద్యుడు వానికి విక్టర్ అను పేరు పెట్టి, చదువు చెప్పుటకు కొన్నేండ్లు శ్రమించెను. గెరాన్ అను గృహిణి వానిని తల్లివలె సాకెను. ఆ బాలునికి పుట్టుకతోనే వికాస వైకల్యముండి యుండునని పిమ్మటి పండితులలో పెక్కుమంది ఊహించిరి. విక్టరునకు మాటలు పట్టుపడలేదు. కాని ఇంటిపనులలో కొన్ని నేర్చెను. భోజనవేళకు బల్లమీద పళ్లెములు సర్దుట వాని వంతు.

ఇట్లుండగా ఆ గృహిణి భర్త జబ్బుపడెను. ఆయనను వేరుచోట నుంచి చికిత్స చేయించిరి. ఆ సంగతి విక్టరునకు ఎవరును తెలుపలేదు. తెలిపిన మాత్రమున వానికేమి అర్థమగునని తలచి యుందురు. వాడు ప్రతిదినమును యథాప్రకారముగా ఆయన చోట పళ్లెమును పెట్టుచుండెను. ప్రతిదినమును దానిని వానిచేతనే తీయించుచుండిరి. మరునాడు మరల పెట్టుచుండెను. కడకు ఆయన మరణించెను. ఆనాడును విక్టర్ ఆయన పళ్లెమును బల్లమీద నుంచెను. అది చూచి ఆమె దుఃఖమాపుకొనలేకపోయెను. ఆ దుఃఖమునకు తానే కారణమని విక్టర్ గ్రహించెను. విచారముగా ఆ పళ్లెమును తీసి అలమారులో పెట్టెను. మరి యెన్నడును దానిని బల్లమీదికి తేలేదు. ఇటార్ 1806లో ప్రభుత్వమునకు సమర్పించిన రెండవ నివేదికలో ఈ సంగతిని వ్రాసెను. మాటరానివానికి సంగతి తెలియదనుకొనుట ఎంత పొరపాటో ఇంతకంటె చెప్పనక్కరలేదు. వానికి తెలిసినది, తెలిపినవారే లేరు.

రెండవ సంగతియు మూడవ సంగతియు అమెరికా దేశమునకు సంబంధించినవి. అచ్చట మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న ఊరిలో 1933లో డోనాల్డ్ ట్రిప్లెట్ అను బాలుడు పుట్టెను. పసితనముననే పాటలు, సంఖ్యలు కంఠస్థము చేయుచుండెను. కాని మనుష్యులతో కలిసి ఆడడు, పిలిచిన పలుకడు. తన పనులు ఏ వరుసలో జరిగినవో ఆ వరుసలోనే మరునాడును జరుగవలెను. తాను అడిగిన మాటనే తల్లి అడిగిన తీరున చెప్పవలెను. లేనిచో పెద్దపెట్టున ఏడ్చును. స్థలము మారినచో బిడ్డ మారునేమో అను సలహాపై 1937లో తల్లిదండ్రులు వానిని ఒక శిశురక్షణాలయమున చేర్చిరి. క్షయరోగము సోకకుండ పిల్లలను వేరుగా నుంచుటకు కట్టిన సంస్థ అది. అంటురోగమునకై ఏర్పడిన ఏకాంతములో, ఆ రోగముతో సంబంధమే లేని నాలుగేండ్ల బిడ్డ ఒక సంవత్సరము గడిపెను. అచ్చట వాని బరువు పెరిగినది. కాని తలను అటునిటు ఊపు కొత్త అలవాటు పుట్టినది. తోటిపిల్లలపై ఆసక్తి కలుగలేదు. బిడ్డను తల్లిదండ్రులు 1938లో ఇంటికి తెచ్చుకొనిరి; ఆ అక్టోబరులో బాల్టిమోర్ నగరమునందలి లియో కానర్ అను వైద్యునికి చూపిరి.

కానర్ అట్టి పదునొకండుగురు బిడ్డలను పరీక్షించి 1943లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆటిజము అని మనము నేడు పిలుచు స్థితిని వైద్యలోకమునకు స్పష్టముగా చూపిన తొలి రచనలలో అది యొకటి. అందలి తొలి బాలుడు డోనాల్డే. ఆ బిడ్డలందరియందును కానరు రెండు లక్షణములను ముఖ్యముగా గుర్తించెను. ఒకటి, తమలో తాము ఒంటిగా నుండుట. రెండవది, చుట్టునున్నదంతయు మార్పు లేక ఉన్నదున్నట్లు నిలువవలెనను ఆతురత. ఆ ఆతురతకు అడుగున ఉన్నది మొండితనము కాదనియు, వ్యాకులతయే యనియు ఆయన గ్రహించెను.

దీనికి ఆయన చూపిన ఒక దృష్టాంతము హృదయమును తాకును. ఒక బాలుని కుటుంబము ఇల్లు మారుచుండెను. సామానులు మోయువారు వచ్చి వాని గదిలోని తివాచీని చుట్టుట చూచి ఆ బిడ్డ అల్లాడిపోయెను. కొత్త యింటిలో తన వస్తువులన్నియు మునుపటి అమరికలోనే కనబడు క్షణము వరకును వాని అలజడి ఆగలేదు. కనబడినంతనే శాంతించెను. ఇల్లు మారుటను అడ్డుకొనుట వానికి చేతగాదు, పెద్దలకును అవసరము లేదు. అమరిక నిలిచినచో చాలును.

ఈ మూడు సంగతులనుండి మూడు పాఠములు తేలుచున్నవి. వారికి సంగతి చెప్పవలెను. వారి అమరికను సాధ్యమైనంత నిలుపవలెను. ఎరిగిన మనిషినుండి వారిని వేరుచేయరాదు. 1806 నాటికి మొదటిది, 1943 నాటికి తక్కినవి గ్రంథస్థములై యున్నవి. ఇక 2020లో లోకము ఈ పాఠములను ఎంతవరకు జ్ఞాపకముంచుకొన్నదో చూతము.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా పేర్కొన్నది. ఆ నెల మధ్యనుండి మన బడులు మూతపడసాగెను. 24వ తేదీ రాత్రి ప్రకటించిన లాక్‌డౌను ఆ అర్ధరాత్రి నుండియే 21 దినములకు అమలులోనికి వచ్చెను. ఆ ఉత్తరువు యొక్క ఆవశ్యకతను ఇచ్చట చర్చింపను. ఒక ఆటిజము గల బాలుని కన్నులతో దానిని చూడుడు. నిన్న ఎనిమిదింటికి బడి బండి వచ్చినది, నేడు రాలేదు. సాయంకాలము తాతగారు పార్కునకు తీసికొనిపోవుచుండెడివారు. పార్కు ద్వారమునకు తాళము. ఎల్లప్పుడు ఆఫీసునకు పోవు తండ్రి మధ్యాహ్నము ఇంటిలో ఉన్నాడు. అందరి ముఖములను సగము గుడ్డలు కప్పినవి. ముఖము చూచి మనోభావమును పోల్చుకొనుట ఎన్నడును కష్టమైనవానికి ఇప్పుడు పెదవులును కనబడవు. మాటిమాటికి చేతులు కడుగుమందురు. ముక్కుమీద గుడ్డ గరగరలాడును. మనకు ఒక నిమిషములో అలవాటగు ఆ స్పర్శ వాని చర్మమునకు ముల్లువలె తోచవచ్చును.

అన్నిటికంటె కఠినమైనది గడువు. 21 దినములన్నచో కేలెండరుమీద గీతలు గీసికొని ఓర్చుకొనగల పిల్లలు కలరు. దినములు లెక్కించుట వారికి ప్రియమైన పని. కాని ఏప్రిల్ 14న ఆ గడువు మే 3 వరకు జరిగినది. పిదప మే 17 వరకు, పిదప మే 31 వరకు. గీతలు పూర్తియైన దినమున ద్వారము తెరచుకొనలేదు. రోగమును గూర్చి ఎవరును కచ్చితముగా చెప్పలేని కాలమది. పెద్దలము ఆ అనిశ్చితిని తిట్టుకొని, ఫోనులో బంధువులతో చెప్పుకొని బరువు దించుకొంటిమి. మాటలు లేని బిడ్డ దానిని ఎట్లు దించుకొనును?

శరీరముతో దించుకొనును. నిద్ర పోదు, అన్నము ముట్టదు. అడిగిన ప్రశ్ననే నూరుమారులు అడుగును. తలను గోడకు కొట్టుకొనును, చేయి కొరుకుకొనును, లేక మూలన చేరి ఉలుకు పలుకు లేక కూర్చుండును. వచ్చిన మాటలు కొన్ని వెనుకకు పోవును. ఇది మంకుతనమనుకొని గద్దించిన ఇండ్లు లేకపోలేదు. మేధో వైకల్యము గలవానియందు ఏ చిహ్నము కనబడినను దానిని ఆ వైకల్యమునకే అంటగట్టి, వెనుకనున్న భయమును గాని కడుపునొప్పిని గాని చూడకుండుట వైద్యులు కూడ చేయు పాత పొరపాటు.

ఇట్టి స్థితిలో కొన్ని ప్రభుత్వములు చేసిన ఒక చిన్న పని చరిత్రలో గుర్తుంచుకొనదగినది. స్పెయిను దేశమున మార్చి 14న అత్యవసర స్థితి ప్రకటించిరి. వీధిలో నడచుటకే అనుమతి లేదు. అయిదు దినములకే, మార్చి 19న, ఆ దేశపు ఆరోగ్యశాఖ ఒక ఆదేశమిచ్చెను. ఇంటిలో నిర్బంధించుటచే ప్రవర్తన విషమించు ఆటిజము మొదలగు వైకల్యములు గలవారు, ఒక తోడుతో బయట నడువవచ్చునని దాని సారాంశము. కొన్ని పంక్తుల ఆదేశమది. కాని వేలకొలది ఇండ్లలో ఊపిరి ఆడినది.

అయితే ఉత్తరువు వీధిలోనికి రాగానే మరియొక చిక్కు పుట్టినది. తల్లి బిడ్డ చేయి పట్టుకొని నడచుచుండగా, పై అంతస్తుల వసారాలనుండి ఇరుగుపొరుగువారు కేకలు వేసి దూషించిరి. నియమము తప్పుచున్నారనుకొని వారికి కోపము వచ్చెను. ఆ బిడ్డ భేదము కంటికి కనబడునది కాదు గదా! దూషణ తప్పించుకొనుటకు కొందరు తల్లిదండ్రులు బిడ్డ చేతికి నీలిరంగు గుడ్డ కట్టసాగిరి. మరికొందరు దీనికి ఒప్పుకొనలేదు. చట్టము ఇచ్చిన హక్కును అనుభవించుటకు మా బిడ్డకు గుర్తు ఏల వేయవలెనని వారి ప్రశ్న. ఈ వివాదమున ఇరుపక్షములవారిని అర్థము చేసికొనవచ్చును. గుర్తు కట్టినవారు ఆనాటి భయమును తీర్చుకొనిరి. కాదన్నవారు రేపటి మర్యాదను కాపాడిరి. గుర్తు లేకుండనే అనుమానమును ఆపుకొనగల పొరుగువారున్నచో ఆ వాదమే పుట్టదు.

ఇంగ్లండులో మార్చి 23న ప్రకటించిన నిబంధనలు దినమునకు ఒక్కమారు వ్యాయామమునకు అనుమతించెను. ఆటిజము గల పిల్లల కుటుంబములు రెండు న్యాయవాదుల ద్వారా ప్రభుత్వమును ప్రశ్నించెను. ఏప్రిల్ 8న ప్రభుత్వము తన సూచనలను సవరించినది. అవసరమైనవారు దినమునకు రెండు మూడు మార్లు బయటికి రావచ్చును; తమకు అలవాటైన ప్రశాంత స్థలమునకు కొంత దూరము ప్రయాణము చేయవచ్చును. ఆ సమయముననే అచ్చటి ఆసుపత్రుల నియమములను కూడ సడలించిరి. చూడవచ్చువారిని నిషేధించినను, తోడు లేకున్న తల్లడిల్లు మేధో వైకల్యము గలవారికిని, ఆటిజము గలవారికిని, మతిమరపు గల వృద్ధులకును ఒక మనిషిని అనుమతించిరి. డోనాల్డునకు 1937లో దొరకని సౌకర్యమది.

అయినను ఈ జనుల భయము కేవలము మార్పువలననే పుట్టినదని చెప్పుట అసంపూర్ణము. వారు భయపడుటకు తగిన కారణములును ఉండెను. మార్చి 20న ఇంగ్లండున వెలువడిన వైద్య మార్గదర్శకము ఒకటి, తీవ్ర చికిత్సావిభాగమున ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించుటకు వృద్ధుల బలహీనతను కొలుచు ఒక కొలబద్దను సూచించెను. తన పనులు తాను చేసికొనలేనివాడు ఆ కొలబద్దపై దుర్బలుడుగా తేలును. పుట్టినది మొదలు ఇతరుల సాయముతో స్నానము చేయు ఇరువదియేండ్ల ఆరోగ్యవంతుని గతి యేమి? కుటుంబములును సంఘములును గొంతెత్తగా, అయిదు దినములకే ఆ మార్గదర్శకమును సవరించి, మేధో వైకల్యము గలవారికిని ఆటిజము గలవారికిని ఆ కొలబద్ద వర్తింపదని ప్రకటించిరి. తప్పు దిద్దబడినది. కాని ఆ అయిదు దినములు ఆ తల్లులకు నిద్రలేదు.

2020 నవంబరులో ఇంగ్లండు ప్రజారోగ్యశాఖ ప్రకటించిన లెక్క ఆ భయమును సమర్థించినది. తొలి విజృంభణ కాలమున మేధో వైకల్యము గలవారి కరోనా మరణముల రేటు, వయస్సు మొదలైన భేదములను సవరించి చూచినను, సామాన్య జనులకంటె 4.1 రెట్లు ఎక్కువ. నమోదు కాని మరణములను కూడ అంచనావేసినచో అది 6.3 రెట్లు ఉండవచ్చును. 18 మొదలు 34 సంవత్సరముల వయస్సు వారిలో వ్యత్యాసము సుమారు 30 రెట్లు. గుంపుగా నివసించు సంరక్షణాలయములు, ఊపిరితిత్తుల దౌర్బల్యము, మధుమేహము, స్థూలకాయము, లక్షణములను చెప్పలేకపోవుట మొదలైనవి దీనికి కారణములలో కొన్ని.

టీకాలు వచ్చినపుడు ఈ లెక్క పనికివచ్చినది. కాని తనంతట తాను కాదు. అచ్చట తొలుత డౌన్ సిండ్రోము గలవారికిని, తీవ్రమైన మేధో వైకల్యము గలవారికిని మాత్రమే ముందువరుసలో చోటిచ్చిరి. 2021 ఫిబ్రవరిలో బీబీసీ రేడియో వ్యాఖ్యాత జో వైలీ ఒక వింత సంగతి వెల్లడించెను. ఆరోగ్యవంతురాలైన తనకు టీకా పిలుపు వచ్చినది. మేధో వైకల్యముండి సంరక్షణాలయమున నివసించు తన సోదరికి రాలేదు. ఆ సోదరికి ఆ దినములలోనే కరోనా సోకి, ప్రమాదస్థితి దాటి కోలుకొన్నది. ఎందరో కుటుంబీకులు చిరకాలముగా చెప్పుచున్న మాటను ఒక రేడియో గొంతు దేశమంతట వినిపించినది. ఫిబ్రవరి 24న, వైద్యుల మేధో వైకల్య పట్టికలలో పేరున్న వారందరిని టీకాకు పిలువవలెనని అచ్చటి సలహాసంఘము నిర్ణయించినది. రేడియో మనకు వేళ తెలుపుటకే గాక ఇట్టి పనికిని ఉపయోగపడునని మన శ్రోతలు సంతోషింపవచ్చును.

ఇక మన దేశము. ఇచ్చట చట్టమునకు కొరత లేదు. 1999లో ఆటిజము, మేధో వైకల్యము మొదలైనవి గలవారి సంక్షేమమునకై నేషనల్ ట్రస్టు చట్టము చేసిరి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములగు వైకల్యములను గుర్తించినది. అందలి 8వ సెక్షను, విపత్తులయందు వైకల్యము గలవారికి సమానరక్షణ కలుగవలెనని శాసించుచున్నది. 2020 మార్చి చివరి వారముననే కేంద్రప్రభుత్వపు వికలాంగుల సాధికారశాఖ మార్గదర్శకములు వెలువరించినది. రోగసమాచారము వారికి అర్థమగు రూపమున అందవలెననియు, వారి సహాయకులకు లాక్‌డౌనునుండి మినహాయింపు గాని, సులభముగా పాసులు గాని ఇయ్యవలెననియు అందు కలదు. 2021 మార్చి 1న 45 సంవత్సరములు దాటిన రోగపీడితులకు టీకాలు మొదలైనపుడు, అర్హత పట్టికలో మేధో వైకల్యమును చేర్చిరి.

ఈ విషయమున తెలుగునాటికి ఒక ప్రత్యేక సంబంధము కలదు. మేధో వైకల్యమునకై దేశమున నెలకొన్న జాతీయ సంస్థ 1984 నుండి సికిందరాబాదులో, మనోవికాస్ నగరులో ఉన్నది. తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చుట, ఉపాధ్యాయులను తయారుచేయుట దాని ముఖ్యకార్యములు. మన రెండు రాష్ట్రములలోను ప్రత్యేక పాఠశాలలలో పనిచేయుచున్న ఉపాధ్యాయులలో ఎందరికో అదియే విద్యాస్థానము.

కాని చట్టము గ్రంథమున ఉండును. భయము ఇంటిలో ఉండును. ఆ నెలలలో ప్రత్యేక పాఠశాలలు మూతపడగా, మాటచికిత్స, వ్యాయామచికిత్స మొదలైనవి ఆగిపోయినవి. ఫోను తెరపై పాఠము చెప్పుదమన్నచో, ఇంటికి ఒక్క ఫోను, అదియు తండ్రి చేతిలో. ఉపాధ్యాయుడు, చికిత్సకుడు, వంటమనిషి, కాపలాదారు అను నాలుగు కొలువులును తల్లిమీదనే పడినవి. బిడ్డ వ్యాకులత తల్లికి, తల్లి వ్యాకులత బిడ్డకు అంటుకొన్నది. ఆ అంటునకు మాస్కు లేదు. 2020 సెప్టెంబరు 7న ప్రభుత్వము కిరణ్ అను పేర తెలుగుతో కూడ 13 భాషలలో మానసిక సహాయపు ఫోను సేవను ఆరంభించినది. 2022 అక్టోబరులో టెలి మానస్ అను సేవ మొదలైనది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో అది లభించును.

న్యాయముగా మరియొక వైపు సంగతియు చెప్పవలెను. లాక్‌డౌనులో అందరును క్షీణింపలేదు. బడిగంటల హోరు, బస్సులోని తోపులాట, తోటిపిల్లల హేళన లేనందున కొందరు ఆటిజము గల పిల్లలు ఇంటిలో తేరుకొనిరి. తల్లిదండ్రులు దగ్గరనుండుటచే కొత్త పనులు నేర్చిరి. వారికి భయము పుట్టినది బడులు మరల తెరచినపుడు! దీనివలన తెలియున దేమనగా, వ్యాకులతకు మూలము ఇల్లు కాదు, బడియు కాదు. ముందుగా తెలియపరుపని మార్పే మూలము.

దీనికి మందు కొత్తగా కనుగొనవలసిన పని లేదు. అమెరికాలో 1972లో ఎరిక్ షాప్లర్ నడిపిన ఉత్తర కరొలినా రాష్ట్ర పథకము, దినచర్యను బొమ్మలతో వరుసగా గోడమీద చూపు పద్ధతిని వ్యాప్తి చేసెను. 1990వ దశకారంభమున కరొల్ గ్రే అను ఉపాధ్యాయిని, జరుగబోవు సంగతిని బిడ్డకు చిన్న కథగా వ్రాసి చెప్పు విధానమును రూపొందించెను. 2020లో ఎన్నో ఇండ్లలో ఈ రెండును పనికివచ్చెను. ఉదయము పళ్లు తోముట మొదలు రాత్రి పడకవరకు బొమ్మలు అంటించి, ఒక్కొక్కటి ముగియగానే తీసివేయుట. మాస్కును మొదట బొమ్మకు కట్టి, పిదప తల్లి కట్టుకొని, పిదప బిడ్డకు ఒక నిమిషము, మరునాడు రెండు నిమిషములు అలవాటు చేయుట. ఎప్పుడు తెరచెదరో తెలియనపుడు తేదీ చెప్పక, తెలిసిన దినమున తప్పక చెప్పెదనని మాటయిచ్చి ఆ మాట నిలుపుకొనుట. ముసలివారు ఎవరైనను పోయినచో, ఊరికి పోయినారని బొంకక, మరణమును చిన్నమాటలతో చెప్పుట. వీనిలో దేనికిని ధనము అక్కరలేదు. ఓర్పు కావలెను, బిడ్డకు తెలియునను నమ్మకము కావలెను.

డోనాల్డు ట్రిప్లెట్ తుదకేమాయెనని మీరు అడుగవచ్చును. శిశురక్షణాలయమునుండి తిరిగివచ్చిన ఆ బాలుడు, కొన్నేండ్లు ఒక రైతు దంపతుల యింట పెరిగెను; పొలములో వరుసలు లెక్కించుచు లెక్కలు నేర్చెను. కళాశాలలో పట్టభద్రుడయ్యెను. స్వగ్రామమున తన కుటుంబమువారి బ్యాంకులో ఉద్యోగము చేసి, గోల్ఫు ఆడి, ఒంటరిగా దేశదేశములు తిరిగెను. ఊరివారు ఆయన తీరును ఎరిగి, ఆయన వరుసను ఆయనకు విడిచిరి. కరోనా మహమ్మారిని కూడ చూచి, 2023 జూనులో 89వ యేట ఆ ఊరియందే కన్నుమూసెను. ఏకాంతవాసమున కుంచించుకుపోయిన బిడ్డ, ఎరిగినవారి నడుమ తొంబదియేండ్లకు చేరువగా బ్రతికెను.

మహమ్మారులు మరల రావని చెప్పగలవారు లేరు. వరదలు, తుఫానులు మన తీరమునకు కొత్తవి కావు. అప్పుడును బడులు మూతపడును, ఇండ్లు విడువవలసి వచ్చును, వరుసలు తప్పును. ఆ దినమున మన యింటనో పొరుగింటనో ఉన్న అట్టి బిడ్డను జ్ఞాపకముంచుకొందము. వాని పడకగుడ్డను, వాని గ్లాసును వెంట తీసికొందము. ఏమి జరుగుచున్నదో వానికి కూడ చెప్పుదము. వీధిలో తల్లి చేయి పట్టుకొని నడచుచు కనబడినచో, కేక వేయుటకు ముందు ఒక క్షణము ఆగుదము. రెండువందల యేండ్లకు పూర్వము ఒక మూగ బాలుడు, ఎవరును చెప్పకున్నను, తీసిన పళ్లెమును విచారముగా అలమారులో దాచినాడు. ఆ బాలుని జ్ఞాపకముంచుకొన్నవారికి ఇది కష్టమైన పని కాబోదు.